కంప్యూటరుకు ఎక్కని జ్వరాలు



మోత్కూర్‌లో ఎవరికైనా జ్వరం వస్తే ముందు మెడికల్ షాపుకో, వాడకట్టులోని ఆర్‌ఎంపీ దగ్గరకో వెళ్ళి గోలీలు తెచ్చుకుంటారు. మూడో రోజుకు తగ్గకపోతే ఆసుపత్రికి వస్తారు. ఆ మొదటి రోజుల జ్వరం ఏ లెక్కలోకీ ఎక్కదు. కరోనా కాలంలో కంప్యూటర్ లెక్కలు ఎంత బాగా పనిచేశాయని ఎవరైనా అడిగితే మేము ముందు ఈ మాటే చెబుతాము.

మన దేశంలో అంటువ్యాధుల నిఘా కార్యక్రమం 2004లో మొదలైంది. లక్షణాలు చూసి ఏఎన్‌ఎం ఒక ఫారం, డాక్టరు ఒకటి, ల్యాబు ఒకటి వారానికోసారి పంపేవారు. అంటువ్యాధికి వారం చాలా ఎక్కువ. అందుకే ఐహెచ్‌ఐపీ అనే ఎలక్ట్రానిక్ విధానాన్ని 2018లో తెలంగాణతో కలిపి ఏడు రాష్ట్రాలలో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, 2021 ఏప్రిల్ 5న దేశమంతటికీ తెచ్చారు. 18 వ్యాధులకు బదులు 33 వ్యాధులు, ఏ రోజు సమాచారం ఆ రోజే. ఇది మంచి మార్పే, కాదనము.

అయితే వేగం ఒక్కటే చూస్తే చాలదు. అమెరికాలోని సీడీసీ సంస్థ 2001లో ఇచ్చిన మార్గదర్శకాలలో కూడా, సమాచారం సరిగా ఉందా, అన్ని రకాల ప్రజలూ అందులోకి వచ్చారా, పనిచేసేవారికి సులువుగా ఉందా అని చూడమన్నారు. తప్పులు చీటీ రాసే బల్ల దగ్గరే పుడతాయి. ఒకే మనిషి ఒకసారి కొడుకు ఫోన్ నంబరు, ఇంకోసారి అల్లుడి నంబరు ఇస్తే లెక్కలో ఇద్దరవుతారు. హైదరాబాదులో పనిచేసుకునేవారు ఆధార్‌లోని ఊరి చిరునామా చెబితే జబ్బు అక్కడ, లెక్క ఇక్కడ. మా రిజిస్టరులోనూ ఇటువంటివి దొర్లాయి. రాత్రి డ్యూటీ సిస్టర్లు కూర్చుని దిద్దవలసి వచ్చింది.

2021 మే నెలలోను, మళ్ళీ 2022 జనవరిలోను మన రాష్ట్రంలో ఇంటింటి జ్వర సర్వే జరిగింది. ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు గడప గడపకూ వెళ్ళి అడిగి, లక్షణాలున్నవారికి అక్కడే మందుల కిట్లు ఇచ్చారు. పరీక్షకు రానివారి సంగతి అలాగే తెలిసింది. ఎంత ఖరీదైన కంప్యూటరైనా ఆ పని చేయలేదు. మా అభిప్రాయంలో ఇంకో లోటు కూడా ఉంది. ఊరి లెక్క పైకి పోతుంది గాని, ఊరికి తిరిగి రాదు. ఈ వారం ఏ ఊరిలో ఎన్ని జ్వరాలో పీహెచ్‌సీ గోడమీద బోర్డు రాస్తే, నీళ్ళ తొట్టి కడుక్కోవాలని ఇంటివారికే తోస్తుంది.

డెంగీ, మలేరియాల లెక్కా ఇదే దారిన పోతుంది. కాబట్టి ఓపీ చీటీ రాసే సిస్టరుకు మీ సొంత నంబరు, గత పది రోజులుగా మీరు ఉంటున్న ఊరు, జ్వరం మొదలైన రోజు చెప్పండి. ముందు ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకున్నా దాచవద్దు. మేము కోప్పడము.