మాంసం నమలలేని పెద్దవారికి ఇటలీ వంట

"మాంసం ఇష్టమే గాని, నమలలేను" అంటూ పెద్దవారు కంచంలో ముక్కలు పక్కకు నెట్టేయడం మీరు చూసే వుంటారు. ఇంట్లోవాళ్ళు ఏం చేస్తారు? "పోనీ, ముక్కలు వద్దులెండి, పులుసు పోసుకోండి. బలమంతా అందులోనే వుంది" అంటారు. అది పొరపాటు. ఉడికిన నీటిలోకి రుచి, ఉప్పు, కొవ్వు, కొద్దిగా మాంసకృత్తులు దిగుతాయి. కండను నిలబెట్టే మాంసకృత్తులలో ఎక్కువ భాగం ముక్కలోనే వుండిపోతుంది. ఎముకల సూపు మీదే ఆధారపడిన పెద్దవారు నెలలు గడిచేకొద్దీ కండ తగ్గి, మెట్లెక్కలేక, "వయసు మీద పడింది" అనుకుంటారు. తిండి చాలకపోవడం కూడా ఒక కారణం కావచ్చునని ఎవరికీ తోచదు.

కాబట్టి ముక్క మానిపించడం కాదు, ముక్కను మెత్తబరచడం నేర్చుకోవాలి. ఇందుకు ఇటలీ వారి 'స్పెజ్జాటినో' చక్కని మార్గం. ముక్కలు చేయడం అనే అర్థమున్న మాటనుంచి ఆ పేరు వచ్చింది. అక్కడ ఎక్కువగా ఆవు, దూడ మాంసంతోనూ, కొన్నిచోట్ల గొర్రె మాంసంతోనూ చేస్తారు. మనం మేక, గొర్రె మాంసంతో చేసుకోవచ్చు. కాలు, మెడ, భుజం భాగాలు మేలు. వాటిలో కొల్లాజెన్ అనే గట్టి పీచు ఎక్కువ. పెద్ద మంట మీద గబగబా ఉడికిస్తే ముక్క బిరుసెక్కుతుంది. సన్నని సెగమీద చాలాసేపు ఉంచితే ఆ పీచు కరిగి జెలటిన్‌గా మారి, ముక్క వేళ్ళతో నొక్కితే విడిపోతుంది.

నలుగురికి అరకిలో మాంసం తీసుకోండి. తడి లేకుండా తుడిచి, రెండు చెంచాల నూనెలో కొద్దికొద్దిగా వేసి ఎర్రగా వేయించి తీయండి. ఇటలీలో ఆలివ్ నూనె వాడతారు, మన వేరుశనగ నూనె అయినా ఫరవాలేదు. అదే గిన్నెలో ఒక ఉల్లిపాయ, ఒక క్యారెట్, దొరికితే ఒక సెలెరీ కాడ సన్నగా తరిగి, పది నిమిషాలు మగ్గనివ్వండి. నాలుగు టమాటాలు, కొన్ని మిరియాలు, ఒక టీచెంచా ఉప్పు, రెండు గ్లాసుల వేడినీళ్ళు, మాంసం వేసి మూత పెట్టండి. అక్కడక్కడ ఒక్కొక్క బుడగ లేచేటంత సెగ చాలు. రెండు, రెండున్నర గంటలు పడుతుంది. మధ్యలో నీరు ఇంకితే కాస్త వేడినీళ్ళు పోయండి. చివరి అరగంటలో బంగాళాదుంప ముక్కలు వేయవచ్చు. ఇటలీ వారు పోసే ద్రాక్షసారా మనకు అవసరం లేదు. గ్యాసు ఖర్చు అనుకుంటే ప్రెషర్ కుక్కర్‌లో చిన్న మంటమీద అరగంట ఉంచినా ముక్క మెత్తబడుతుంది.

టమాటా పులుపుకు కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలు పనికిరావు. స్టీలు గిన్నె మంచిది. అడుగు మందంగా వుంటే మాడదు.

ఇక అసలు జాగ్రత్త పొయ్యి దించాక మొదలవుతుంది. "ఇంతసేపు మరిగింది గదా, తెల్లారేదాకా గిన్నెలోనే వుండనీ" అనుకోకండి. కొన్ని సూక్ష్మజీవుల బీజాలు మరిగినా చావవు. పెద్ద గిన్నెలో మాంసం నిదానంగా చల్లారుతున్నప్పుడు అవి మొలకెత్తి, వేలాదిగా పెరుగుతాయి. తెల్లారి కడుపునొప్పి, విరేచనాలు పట్టుకుంటాయి. చిన్నపిల్లలకు, ముసలివారికి అది చిన్న జబ్బు కాదు. మిగిలినదాన్ని వెడల్పాటి గిన్నెల్లో పలచగా సర్ది, రెండు గంటల్లోపల ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు తినేంత మేరకే తీసి, బాగా మరిగించి వడ్డించండి. ఫ్రిజ్ లేకపోతే ఆ పూటకు సరిపడా మాత్రమే వండండి.

చల్లారాక పైన గడ్డకట్టిన కొవ్వును చెంచాతో తీసేస్తే గుండెజబ్బు వున్నవారికి మేలు. రోజు మొత్తానికి 5 గ్రాములకు, అంటే ఒక టీచెంచాకు, మించి ఉప్పు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. కాబట్టి రక్తపోటు వున్నవారికి ఈ కూర పక్కన ఊరగాయ వడ్డించకండి. గౌట్ అనే కీళ్ళజబ్బు వున్నవారు పులుసు తగ్గించాలి. ఆ జబ్బును రేపే పదార్థాలు మాంసంనుంచి నీటిలోకి దిగుతాయి. మూత్రపిండాల జబ్బు వున్నవారు మాంసం ఎంత తినవచ్చో తమ డాక్టరునే అడగాలి.

పెద్దవారికి ముక్కను చేత్తో చిదిపి, మెత్తటి అన్నంలో కలిపి పెట్టండి. అయినా ముద్ద గొంతు దిగడం లేదన్నా, కారణం తెలియకుండా బరువు తగ్గుతున్నా ఆలస్యం చేయక డాక్టరుకు చూపించండి. పళ్ళ డాక్టరు దగ్గరకూ ఒకసారి తీసుకువెళ్ళండి. సరిగా కుదిరిన కట్టుడు పళ్ళు వుంటే వారు మళ్ళీ మీ అందరితో కలిసి, మీరు తినేదే తినగలుగుతారు.