నీరు పల్లమెరుగు, పన్ను మెరక ఎరగాలి

ఏలూరులో పెద్దవాన కురిసినప్పుడల్లా అధికారులు ఒక లెక్క వేస్తారు. ఎన్ని రోడ్లు దెబ్బతిన్నాయి, ఎన్ని కాల్వల్లో పూడిక తీయాలి, ఎంత ఖర్చవుతుంది అని. ఎవరూ రాయని లెక్క మరొకటి ఉంది. ఇంట్లోకొచ్చిన మురుగునీటిని బకెట్లతో ఎత్తిపోసేది, బియ్యం డబ్బాలు మంచాలపైకి చేర్చేది, విరేచనాలు పట్టుకున్న పిల్లల దగ్గర మేలుకునేది, ఆ నాలుగు రోజుల కూలి పోగొట్టుకునేది ఎక్కువగా స్త్రీలే. వాననీటి కాల్వలకు డబ్బు ఎవరివ్వాలన్న చర్చ ఈ రెండో లెక్క దగ్గర మొదలు కావాలి. పల్లంలో ఉన్న ఆడవాళ్లు ఇప్పటికే చెల్లిస్తున్నారు. వాళ్లకు రసీదు ఇచ్చేవాళ్లే లేరు.

ఈ నీరు ఎక్కడినుంచి వస్తోంది? తమ్మిలేరు ఏలూరు దగ్గర చీలి, ఊరిని చుట్టుకొని కొల్లేరుకు పోతుంది. కొల్లేటి నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి చేరాలి. 2020 అక్టోబరులో తమ్మిలేరు పొంగినప్పుడు ఏలూరులో పలు కాలనీలు మునిగాయి. ఏటి వరద ఒక ఎత్తయితే, ఊరిలో కురిసిన వాన మరొక ఎత్తు. మట్టి నేల వాననీటిని కొంత తాగుతుంది. సిమెంటు నేల చుక్క కూడా తాగదు. ఊరు వట్లూరు వైపు, ఇతర శివార్ల వైపు పెరిగేకొద్దీ చేలు పోయి కాలనీలు, కాలేజీలు, కల్యాణమండపాలు వస్తున్నాయి. వాటి కప్పుల మీద, ఆవరణల్లో పడిన నీరంతా పల్లానికే పరుగెత్తుతుంది. అంటే మునిగేది ఒకరు, ముంచే నీటిని పంపేది మరొకరు.

అందుకే కాల్వలకు ‘లబ్ధిదారుల వాటా’ అడగడం అన్యాయం. కాల్వ వేస్తే పల్లపు వీధికి మేలు జరిగే మాట నిజమే. కానీ అవసరం పుట్టించింది ఆ వీధి కాదు. ఇంటికింత అని సమానంగా రుసుము వేయడమూ న్యాయం కాదు. రేకుల గదికీ, ఎకరం మేర సిమెంటు పోసిన సముదాయానికీ ఒకే రేటు సమానత్వం అనిపించుకోదు. ఇక ఆస్తిపన్ను ఉంది. 2020లో రాష్ట్రం చట్టం మార్చి, అద్దె విలువ బదులు ఆస్తి మూలధన విలువపై ఈ పన్ను వేసే పద్ధతి తెచ్చింది. విలువ చూసే ఈ లెక్కలో ఆవరణను మట్టిగా వదిలారా, పూర్తిగా కప్పేశారా అన్న ప్రశ్నకు చోటు లేదు.

న్యాయమైన కొలత ఒకటుంది. ఎంత నేలను కప్పారో అంత చెల్లించాలి. జర్మనీలో అనేక నగరాలు మురుగునీటికీ వాననీటికీ వేర్వేరు రుసుములు వేసి, రెండోదాన్ని కప్పిన నేల విస్తీర్ణంతో ముడిపెట్టాయి. అమెరికాలోని ఫిలడెల్ఫియా 2010 నుంచి వ్యాపార, సంస్థల స్థలాలకు ఇలాంటి పద్ధతినే దశలవారీగా తెచ్చింది. మనకూ ఇది పూర్తిగా కొత్త కాదు. డెల్టాలో మురుగు కాల్వల కోసం రాష్ట్రం 1985లో డ్రైనేజీ సెస్సు చట్టం చేసి, భూమి విస్తీర్ణాన్ని బట్టి వసూలు చేసింది. పొలానికి వర్తించిన సూత్రం పట్నంలోని కాంక్రీటుకు ఎందుకు వర్తించకూడదు?

కొలవడానికే ఖర్చవుతుందని అంటారు. పెద్ద భవనాలకు అనుమతి ప్లానులు మునిసిపాలిటీ దగ్గరే ఉంటాయి. వాటితో మొదలుపెట్టవచ్చు. ప్రభుత్వ కార్యాలయాలకు, విద్యాసంస్థలకు మినహాయింపు ఉండకూడదు. ఇంకుడుగుంత తవ్వి నీటిని ఆపినవారికి తగ్గించాలి. చిన్న ఇళ్లను పూర్తిగా వదిలేయాలి. ఇళ్లస్థలాల పట్టాలు ఇప్పుడు స్త్రీల పేర ఇస్తున్నారు. మినహాయింపు లేకపోతే బకాయి నోటీసు కూడా ఆమె పేరనే వస్తుంది. అద్దె గదుల్లో ఉన్నవారికి నోటీసు రాకపోయినా అద్దె పెరుగుతుంది. ఈ సంగతి ముందే ఆలోచించాలి.

ఈ రుసుము ఊరి కాల్వల నిర్వహణకే సరిపోతుంది. తమ్మిలేరు గట్లు, ఉప్పుటేరు పూడిక ఒక్క పట్నం మోయగల భారం కాదు. అవి రాష్ట్ర, కేంద్ర నిధులతో జరగాలి. అలాగే ఏలూరు తన నీటిని త్వరగా వదిలించుకొని కొల్లేటి లంకల మీదికి తోస్తే అది పరిష్కారం కాదు. అక్కడ కూడా నీళ్లు ఎత్తిపోసేది స్త్రీలే. కాల్వ పనుల అంచనాలో పారిశుధ్య కార్మికుల యంత్రాలకు, రక్షణకు అయ్యే ఖర్చు తప్పనిసరిగా ఉండాలి. మనిషిని మురుగులోకి దింపి మిగిల్చే సొమ్ము పొదుపు కాదు. 2013 చట్టం రక్షణ పరికరాలు లేకుండా ఆ పని చేయించడాన్ని నిషేధించింది.

74వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోకి వచ్చి పురపాలక స్థానాల్లో కనీసం మూడోవంతు స్త్రీలకు కేటాయించింది. సీటు దక్కితే చాలదు, బడ్జెట్ కాగితం కూడా మన చేతికి రావాలి. సంఘాలు బడ్జెట్ సమావేశానికి ముందే మూడు వివరాలు అడగాలి. వాననీటి కాల్వలకు గత మూడేళ్లలో ఏ వార్డులో ఎంత ఖర్చుపెట్టారు? ఎక్కువ నేలను కప్పిన వంద స్థలాలు ఏవి, అవి ఎంత చెల్లిస్తున్నాయి? ఏటా మునిగే వీధుల జాబితా ఏది, పనుల వరుసలో వాటి స్థానం ఎంత? సమాధానం రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. ఈలోగా రెండో లెక్క మనమే రాద్దాం. మునిగిన ప్రతి ఇంట్లో పోయిన పనిదినాలు, మందుల ఖర్చు, పాడైన సామాను వీధివారీగా నమోదు చేసి కౌన్సిల్ ముందు పెడదాం. కొత్త రుసుము అడిగే ముందు పాలకులు ఆ కాగితం చదవాలి.