హోటల్ పడవ వస్తే మనం యాడుంటాం?

పోయిన ఆదివారం లైబ్రరీలో పాత పేపర్ల కట్ట సర్దుతుంటే రంగుల బొమ్మ ఒకటి దొరికింది. సన్నటి కాలువ, రెండు పక్కలా చెట్లు, మధ్యలో రైలుపెట్టె లాంటి పొడుగాటి పడవ. దాని మీద గొడుగులు, కుర్చీలు, పూలకుండీలు. ఫ్రాన్సు దేశంలో హోటల్ పడవ అంట. హాస్టలుకు తెచ్చి చూపించాను. అంతే, అన్నాల దగ్గర మొదలైన వాదన లైట్లు ఆర్పేదాకా తెగలేదు. వార్డెన్ సారు రెండుసార్లు కేకేశారు. ఆ కేకలకు కారణం నేనే కాబట్టి నా మాటేందో ఇక్కడ రాస్తున్నాను.

ఒక మిత్రుడు "ఇట్టాంటిది మన సాగర్‌లో పెడితే మాచర్ల బాగుపడుద్దిరా, మనకు ఉద్యోగాలొస్తాయి" అన్నాడు. ఇంకొకడు "డబ్బున్నోళ్ల కులుకులు మనకెందుకు, ఉన్న లాంచీ చాలు" అన్నాడు. నేను ఇద్దరితోనూ పూర్తిగా ఒప్పుకోను.

ముందు ఆ పడవల సంగతి. దక్షిణ ఫ్రాన్సులో మిడి కాలువ 1681లో పూర్తయింది. గుర్రాలు గట్టు మీద నడుస్తా తాడుతో పడవల్ని లాగేవి. వాటిలో ధాన్యం, ద్రాక్షసారా పోయేవి. రైళ్లు, లారీలు వచ్చాక పడవలకు పని పోయింది. ఆ దేశపు కాలువల్లో తిరిగిన అట్టాంటి సరుకు పడవలకే కొన్నిటికి గదులు కట్టి, వంటిల్లు పెట్టి హోటళ్లు చేశారు. కేరళ హౌస్‌బోట్లూ అంతే, అవి ఒకప్పుడు బియ్యం మోసిన పడవలు. అంటే ఇది మొదట కూలిపని చేసేవాళ్ల పడవ. ఇది నాకు భలే నచ్చింది. మన దేశంలో 2023 జనవరి 13న వారణాసిలో గంగా విలాస్ అనే ఓడ బయలుదేరింది. 18 గదులు, 36 మంది ప్రయాణికులు, 51 రోజులు, 3,200 కిలోమీటర్లు పోయి అస్సాంలో డిబ్రూగఢ్ చేరేటట్టు పెట్టారు. టికెట్టు లక్షల్లో. మన హాస్టలంతా కలిపినా ఒక్క టికెట్టు రాదు.

మరి మన దగ్గర? మన కుడి కాలువ పొలాలకు నీళ్లిచ్చేందుకు తవ్వింది. నీళ్లు వదిలితే వడి, కట్టేస్తే అడుగు బురద. హోటల్ పడవ తిరిగితే సాగర్ జలాశయంలోనే తిరగాలి. అది నిండితే 590 అడుగులు. వేసవిలో బాగా దిగిపోద్ది, అప్పుడు బండలు బయటపడతాయి. అవతలి ఒడ్డున తెలంగాణ టూరిజం వాళ్లు నీళ్లు బాగా ఉన్నప్పుడు శ్రీశైలం దాకా లాంచీ నడిపారు. దాదాపు 110 కిలోమీటర్లు, నల్లమల మధ్యలోంచి. రాత్రి పడవలోనే పడుకునేటట్టు చేస్తే జనం రారని నేననుకోను. నాకే ఎక్కాలని ఉంది.

కానీ పడవ నడిపేదెవరు?

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. ఎక్స్‌కర్షన్‌కు విజయపురి సౌత్ నుంచి నాగార్జునకొండకు లాంచీలో పోయినాం గదా. మధ్యలో పుట్టి ఒకటి లాంచీ అలలకు ఊగిపోతుంటే "అరే, గంపరా!" అని అందరూ నవ్వారు. ఆ పుట్టిలో ఉన్నది మా మామ. అనుపు దగ్గర చేపలు పడతాడు. నేను చెయ్యి ఊపలేదు. నవ్వు ముఖం పెట్టి ఇంకో పక్కకు తిరిగాను. వెదురు అల్లి, పట్టా కప్పి, తారు పూసిన ఆ గంపలోనే మామ ఇరవై ఏళ్లుగా వలలేస్తున్నాడు. మధ్యాహ్నం గాలి ఏ కొండ సందులోంచి లేస్తుందో, నీళ్లు దిగితే మునిగిన మోళ్లు యాడ తగులుతాయో ఆయనకు తెలుసు. హోటల్ పడవొస్తే మామకు ఏ పనిస్తారు? ప్లేట్లు కడిగే పనా? లేకపోతే "ఇటు వలలెయ్యొద్దు" అని బోర్డు పెడతారా?

2019 సెప్టెంబరు 15 గుర్తు చేసుకోండి. గోదావరి వరదలో ఉండగా పాపికొండలకు పోతున్న బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. ఎక్కినవాళ్లు 77 మంది. బతికినవాళ్లు 26 మంది. అప్పుడు చిన్న పడవలేసుకుని ముందుగా ఉరికింది ఆ ఏజెన్సీ ఊళ్ల జనమే. మునిగిన బోటు సుడుల కింద లోతులో కూరుకుపోయింది. దాన్ని అక్టోబరు 22న పైకి తెచ్చింది కాకినాడ ధర్మాడి సత్యం గారి బృందం. ఇనుప తాళ్లు, లంగర్లు, విశాఖ నుంచి వచ్చిన గజఈతగాళ్లు, అన్నిటికంటే నీళ్లెట్టా కదులుతాయో తెలిసిన బుర్ర. నదిని తెలిసినోళ్లను మనిషి మునిగాక పిలుస్తున్నాం. బయలుదేరే ముందు "ఇయ్యాళ పోవచ్చా?" అని అడగం.

అందుకే నా అభిప్రాయం ఇది. హోటల్ పడవ రానీ. ఏసీ గదులు తర్వాత, ముందు ఒడ్డు ఊళ్ల, తండాల పిల్లలకు సరంగు పని నేర్పించి లైసెన్సు ఇప్పించాలి. పదో తరగతి పాసైనవాళ్లం మనం చాలామందిమి ఉన్నాం. గాలి లేచింది, ఇయ్యాళ పడవ కదలదు అని సరంగు అంటే, గదికి వేలు కట్టిన ఆసామి కూడా నోరు మూసుకుని కూర్చోవాలి. ఆ అధికారం లేకపోతే టోపీ పెట్టినా లాభం లేదు. సాగర్ నిండినప్పుడు ఊళ్లూ తండాలూ నీళ్లలో పోయినాయి. ఆ నీళ్ల మీద వచ్చే కూలి కూడా బయటోళ్లకే పోతే ఎట్టా?

లెక్కల సారు ఇది చదివి "వేసవిలో నీళ్లు దిగితే మీ సరంగులకు జీతమెవడిస్తాడ్రా?" అన్నారు. మంచి ప్రశ్నే. నా దగ్గర జవాబు లేదు. మామ మాత్రం ఆ నెలల్లో మిరపకాయల కోతకు పోతాడు.

వచ్చే రెండో శనివారం మామ నన్ను చూడడానికి వస్తున్నాడు. సాగర్ గురించి అడగాలనుకున్నవాళ్లు మధ్యాహ్నం వేపచెట్టు కిందకు రండి. పుట్టిని చూసి నవ్వినవాళ్లు కూడా రావచ్చు, నేనూ వాళ్లలో ఒకణ్ణే. చేపలు మాత్రం తేడు. వార్డెన్ సారు ఒప్పుకోరు.