ఫలితానికి ముందే న్యాయం

ప్రజాభిప్రాయ సేకరణ న్యాయంగా జరిగిందా అని ఫలితం వచ్చాక చర్చిస్తాము. ఆ ప్రశ్నకు తగిన వేళ అంతకు ముందేనని న్యాయవాదిగా నా అభిప్రాయం. ఒడిశాలోని నియమగిరి ఇందుకు నిదర్శనం.

బాక్సైట్ తవ్వకాల వల్ల అటవీవాసుల మత, సాంస్కృతిక హక్కులకు భంగం కలుగుతుందో లేదో గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఆదేశించింది. రాయగడ, కలహండి జిల్లాలలో ఆ కొండను ఆశ్రయించి నూరుకు పైగా పల్లెలున్నాయి. రాష్ట్ర ప్రభుత్వం ఎంచినవి పన్నెండే. ఉద్యమకారులు అభ్యంతరం తెలిపారు. కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ సైతం ఆక్షేపించింది. అయినా సంఖ్య మారలేదు. ఆగస్టు 19 నాటికి పన్నెండు సభలూ తవ్వకాలను ఏకగ్రీవంగా తిరస్కరించాయి.

గెలిచాక అభ్యంతరం దేనికని కొందరంటారు. ఫలితం అనుకూలించినంత మాత్రాన పద్ధతి న్యాయమైపోదు. తక్కిన పల్లెల మాట ఎవరూ అడగనే లేదు.

రాయగడ వంటి సరిహద్దు జిల్లాలలో తరతరాలుగా ఉంటున్న తెలుగువారికి ఇది పరాయి పాఠం కాదు. రేపు మన ఊరిలో సభ పెడితే, ఎవరిని పిలవాలో నిర్ణయించిందెవరో, నోటీసు ఏ భాషలో ఇచ్చారో ముందే అడుగుదాం. తీర్మానాన్ని తెలుగులో చదివి వినిపించనిదే సంతకం చేయవద్దు. రాజ్యాంగం 350వ అధికరణం మన భాషలో వినతిపత్రమిచ్చే హక్కునిచ్చింది. దానిని సభకు ముందే వాడుకుందాం.