రావలసిన ఎర్రర్ వచ్చిందా?

లేని హాల్ టికెట్ నంబరు కొడితే, ‘నంబరు లేదు’ అనే ఎర్రర్ ఇవ్వాల్సిన ప్రోగ్రాం ఒకటి మీరు జావాస్క్రిప్ట్ భాషలో రాశారనుకుందాం. ఎర్రర్ వస్తోందో లేదో చూడడానికి ఒక పరీక్ష కూడా రాశారు. నడిపారు, పాసైంది. సంతోషమే. కాని కాస్త ఆగండి!

ఆ ప్రోగ్రాం ఎక్కడో ఉన్న కంప్యూటరును అడిగి జవాబు తెచ్చుకోవాలి. ఈలోగా మీ చేతికి ‘ప్రామిస్’ ఒకటి ఇస్తుంది. అంటే, జవాబు తర్వాత వస్తుందన్న మాట. (ప్రామిస్ 2015లో ఆ భాషలో చేరింది, దాని కోసం ఆగమని చెప్పే ‘అవెయిట్’ 2017లో.) పరీక్షలో అవెయిట్ రాయడం మరిచారో, జవాబు రాకముందే పరీక్ష పాసైపోతుంది. మెతుకు పట్టి చూడకుండానే అన్నం ఉడికిందన్నట్టు!

ఇంకో చిక్కుంది. చాలామంది ఎర్రర్‌ను పట్టుకునే ‘క్యాచ్’ భాగంలో మాత్రమే తనిఖీ రాస్తారు. అసలు ఎర్రరే రాకపోతే? ప్రోగ్రాం ఆ భాగంలోకే వెళ్ళదు, తనిఖీ జరగదు, అయినా పరీక్ష పాస్! నా దృష్టిలో ఇలాంటి పరీక్ష కన్నా అసలు పరీక్ష లేకపోవడమే మేలు. అప్పుడు మనకు అనుమానమైనా మిగులుతుంది.

జావాస్క్రిప్ట్‌ను నడిపే ‘నోడ్’లో 2018 నుంచి ‘అసర్ట్.రిజెక్ట్స్’ అనే సాధనం ఉంది. ఎర్రర్ రాకపోతే అది పరీక్షను ఫెయిల్ చేస్తుంది. దాని ముందు కూడా అవెయిట్ ఉండాలి సుమా! ఏ ఎర్రర్ రావాలో కూడా దానికి చెప్పండి. నెట్ తెగితే వచ్చే ఎర్రర్, ‘నంబరు లేదు’ అనే ఎర్రర్ ఒకటి కావు కదా.

ఇక మీ ప్రోగ్రాంలో ఎర్రర్ ఇచ్చే వరుసను కావాలనే తీసేసి, పరీక్షను మళ్ళీ నడపండి. అప్పుడూ పాసైతే లోపం పరీక్షలోనే ఉంది.