ఎవరి పిల్లలో పాపం!

దసరా అయిపోయి వారం కూడా కాలేదు. 2025 అక్టోబరు మొదట్లో మొయినాబాద్ దగ్గర ఒక ఫామ్‌హౌస్ మీద రాత్రిపూట పోలీసులు దాడి చేశారు. ఇన్‌స్టాగ్రామ్‌లో పిలుపులు పంపి, టికెట్లు అమ్మి నడిపిన పార్టీ అది. అరవై మందికి పైగా దొరికారు. వాళ్లలో ఇరవై మందికి పైగా మైనర్లు. విదేశీ మందు సీసాలు బయటపడ్డాయి. పరీక్షలు చేస్తే ఇద్దరి ఒంట్లో గంజాయి తేలింది.

మర్నాడు మోకిలలో మా కాలనీ పార్కులో నడుస్తుంటే అందరి నోటా ఒకటే మాట. "ఎవరి పిల్లలో పాపం!" ఆ మాట అనేసి నడక సాగించారు. మూడో రౌండుకి మాట మారిపోయింది. ఎకరం ఎంత పలుకుతోంది, ఏ వెంచర్‌కి అనుమతి వచ్చింది అన్న దగ్గరికి పోయింది.

అప్పట్నుంచి నా కడుపు రగులుతూనే ఉంది. ఎవరి పిల్లలేంటి? మొయినాబాద్ మనకెంత దూరం? బండి తీస్తే అరగంట. ఆ అరవై మందీ ఆకాశం నుంచి ఊడిపడ్డారా? ఒక్కొక్కరి వెనకా ఒక ఇల్లుంది, ఆ ఇంట్లో కన్నవాళ్లున్నారు. పోయిన శనివారం రాత్రి పదకొండింటికి మీ బిడ్డ ఎక్కడుందో మీకు తెలుసా? "ఫ్రెండ్ ఇంట్లో చదువుకుంటున్నా" అంటే ఆ ఫ్రెండ్ వాళ్లమ్మకి ఒక్క ఫోన్ చేశారా? అసలు ఆమె నంబరు మీ దగ్గరుందా?

గజం రేటు మాత్రం అందరికీ కంఠతా వచ్చు. 2023 ఆగస్టులో హెచ్ఎండీఏ ఇక్కడ ప్లాట్లు వేలం వేస్తే గరిష్ఠంగా గజం లక్ష దాటింది. ఆ అంకె మా కాలనీలో ఏడేళ్ల పిల్లాడు కూడా చెప్తాడు. బిడ్డకి దగ్గరి స్నేహితులు ముగ్గురి పేర్లు చెప్పమంటే మాత్రం తండ్రి భార్య ముఖం చూస్తాడు.

నేను ఇంటి దగ్గర పిల్లలకి లెక్కలు చెప్తాను. నిరుడు ఇంటర్ అబ్బాయి ఒకడు వచ్చేవాడు. త్రికోణమితి సూత్రాలు వాడి నాలుక మీద ఆడేవి. రెండు మూడు నెలల్లో పిల్లాడు మారిపోయాడు. సగం లెక్క చేసి పెన్ను పట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. ఒకరోజు పుస్తకం తీస్తుంటే బ్యాగులోంచి కళ్లలో వేసుకునే చుక్కల మందు కింద పడింది. సీసా సగం అయిపోయి ఉంది. పదహారేళ్ల వాడికి, కళ్లద్దాలు కూడా లేనివాడికి, అదెందుకు? ఎర్రబడ్డ కళ్లు ఇంట్లో తెల్లగా కనపడాలని. దాని పక్కనే బొటనవేలంత చిన్న అట్టపెట్టె, లోపల సిగరెట్టు చుట్టుకునే పల్చటి కాగితాలు. ఓసీబీ అంటారు పిల్లలు. పాన్ డబ్బాలో దొరుకుతాయి.

వాళ్ల నాన్నని పిలిచి చెప్పాను. "ఫోన్ ఎక్కువ చూస్తున్నడు సార్, కండ్లు మండుతున్నయంటే నేనే కొనిచ్చిన ఆ మందు" అన్నాడాయన. మరి కాగితాలు? "కాలేజీల ఏదో ప్రాజెక్టు ఉందన్నడు." రెండ్రోజుల తర్వాత ఫోన్ వచ్చింది. "మాట్లాడినం సార్, మానేస్త అన్నడు. మీరు ఎవ్వరితోని అనకండి." మరుసటి వారం నుంచి పిల్లాణ్ణి నా దగ్గరికి పంపడం మానేశారు. చూసిన నన్ను తప్పించేశారు. ఇప్పటికీ వాళ్ల ఇంటి ముందు నుంచి పోతుంటే మేడమీద ఆ గది కిటికీ వైపు నా కళ్లు పోతాయి. ఎప్పుడూ మూసే ఉంటుంది.

పరువట! పరువు పోతుందని, పైగా కేసు అవుతుందని భయం. ఆ భయంతో ఎన్ని ఇళ్లలో తలుపులు వేసుకుని కూర్చున్నారో. ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టంలోనే 64ఏ సెక్షన్ ఉంది. వాడకానికి సంబంధించిన కేసులోనో, కొద్దిపాటి సరుకుతోనో ఇరుక్కున్నా, తనంతట తాను గుర్తింపు ఉన్న చోట వైద్యానికి వచ్చి చికిత్స పూర్తి చేసుకునేవాణ్ణి జైలుకి పంపకుండా కాచే సెక్షన్ అది. మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేకుండా దారి చెప్తారు. ఐఐటీ కోచింగ్‌లో సీటు కోసం ఊరంతా తిరిగిన తండ్రికి ఈ నంబరు వెతకడానికి అయిదు నిమిషాలు దొరకవా?

పిల్లలకి మత్తు అంటుకోవడం నిన్న మొన్నటి సంగతి కూడా కాదు. 2017 జులైలో హైదరాబాద్‌లో ఎక్సైజ్ వాళ్లు డ్రగ్స్ ముఠాని పట్టుకున్నప్పుడే, కొనేవాళ్లలో బడి పిల్లలున్నారని బయటపడింది. అప్పట్లో ఆ శాఖ ఎన్‌ఫోర్స్‌మెంట్ విభాగాన్ని నడిపిన అకున్ సబర్వాల్ స్కూళ్లని హెచ్చరించారు. మనమేం చేశాం? ఏ నటుడు విచారణకి వచ్చాడు, కారు దిగి ఎవరికి నమస్కారం పెట్టాడు అని టీవీలకి అతుక్కుపోయాం. పిల్లల సంగతి రెండో రోజుకే మాయమైంది. 2024 జనవరిలో కొత్తూరులో బడి పిల్లలకి గంజాయి చాక్లెట్లు అమ్ముతున్నారని వార్త వస్తే, అదేదో కూలి జనం ఉండే చోటులే అనుకున్నాం. ఇప్పుడు మన విల్లాల పక్కకొచ్చింది. ఇప్పుడూ ఎవరి పిల్లలో పాపమే!

మన దావత్‌ల సంగతి కూడా చెప్పాలి. బాబాయి బిడ్డ పెళ్లి కుదిరిందని ఫామ్‌హౌస్‌లో దావత్. మటన్, మందు. పదో తరగతి పిల్లాడి చేతికి బీరు గ్లాసిచ్చి "తాగురా, మగోడివి కాదా" అనే మామయ్యలుంటారు. తండ్రి పక్కనే నవ్వుతుంటాడు. తెలంగాణలో ఇరవై ఒక్కేళ్లు నిండనివాళ్లకి మందు అమ్మకూడదు. డాక్టరు చెప్తే తప్ప పిల్లలకి మత్తు ఇచ్చినవాడికి 2015 నాటి బాలల న్యాయ చట్టం, సెక్షన్ 77, ఏడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా అంటోంది. ఆ చట్టంలో మామయ్యలకి మినహాయింపు లేదు. పదిహేనేళ్లకి ముందే తాగడం మొదలుపెట్టినవాళ్లు, ఇరవై ఒకటి దాటాక మొదలుపెట్టినవాళ్ల కంటే నాలుగు రెట్లు ఎక్కువగా మందుకి బానిసలవుతారని అమెరికాలో 1997లోనే లెక్క తేల్చారు. ఆ గ్లాసు ఇచ్చేటప్పుడు ఆ చెయ్యి కొంచెమైనా వణకదా?

ఐస్‌లాండ్‌లో కూడా పిల్లలు ఇలాగే చేజారిపోయారు. 1998లో అక్కడ పదిహేను, పదహారేళ్ల పిల్లల్లో నూటికి 42 మంది గడిచిన నెలలో తాగి తూలామని చెప్పారు. అప్పుడు తల్లిదండ్రులు శుక్రవారం, శనివారం రాత్రుళ్లు గుంపులుగా వీధుల్లోకొచ్చి నడవడం మొదలుపెట్టారు. పదహారేళ్ల లోపు పిల్లలు చలికాలంలో రాత్రి పది దాటితే బయట ఉండకూడదన్న నియమాన్ని ఇంటింటా నిలబెట్టారు. ఆటలకీ పాటలకీ ప్రభుత్వం డబ్బు పెట్టింది. 2016 నాటికి ఆ 42 అయిదుకి దిగింది. చలికి వేళ్లు కొంకర్లు పోయే దేశంలో కన్నవాళ్లు రోడ్డు మీద నిలబడ్డారు. మనకి గేటు దాకా రావడానికి బద్ధకం.

అంత దూరం ఎందుకు? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమె వెంట కూలికి పోయే ఆడవాళ్లు, అప్పుడప్పుడే అక్షరాలు దిద్దుకుంటున్నవాళ్లు, సారా దుకాణాల ముందు చీపుర్లు పట్టుకుని నిలబడ్డారు. మరుసటి ఏడాదికల్లా రాష్ట్రమంతా సారా ఆగింది. వాళ్లకి కార్లు లేవు, వాట్సాప్ గ్రూపులు లేవు. ఇంట్లో మనిషి పాడైపోతున్నాడన్న బాధొకటే ఉంది. మనకి అన్నీ ఉన్నాయి, ఆ బాధొక్కటే లేదు.

దసరా తర్వాత మా కాలనీ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాను. శనివారం రాత్రి పది గంటలకి నలుగురం కలిసి ఓ గంట నడుద్దాం, పిల్లల స్నేహితుల ఇళ్ల నంబర్లు ఒకరికొకరం ఇచ్చుకుందాం అని. చాలామంది చూశారు. ఒకావిడ చేతులు జోడించిన బొమ్మ పెట్టింది. దాని కిందే ఎవరో స్విమ్మింగ్ పూల్ ఎప్పుడు బాగుచేస్తారని అడిగారు. దానికి సాయంత్రం దాకా జవాబులు వస్తూనే ఉన్నాయి.

శనివారం గేటు దగ్గరికి నేనొక్కణ్ణే వెళ్లాను. రోజూ సాయంత్రం ఇళ్లలో పనిచేసి పోయే ఆడవాళ్ల సంచులు ఆ గేటు దగ్గర విప్పి చూస్తారు. ఒకరింట్లో మిగిలిన అన్నం పట్టుకెళ్తున్నా ఎవరిచ్చారో చెప్పాలి. పదిన్నర దాటాక లోపలి నుంచి ఒక కారొచ్చింది. వెనక సీట్లో నలుగురు పిల్లలు ఒకరి మీద ఒకరు. నడిపేవాడికి ఇంకా మీసం మొలవలేదు. వాచ్‌మన్ సలాం కొట్టి గేటెత్తాడు. రిజిస్టర్‌లో బండి నంబరు, టైము రాసుకున్నాడు.

"ఎవరిది?" అన్నాను.

"పెద్దసారు కొడుకు సార్. ప్రతి శనివారం పోతరు."

ఎర్ర లైట్లు మొయినాబాద్ వైపు తిరిగాయి. ఆ తండ్రికి ఫోన్ చేశాను. చాలాసేపు మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను.