పంచదార ఎన్ని చెంచాలు?

"పంచదార ఎన్ని చెంచాలు వెయ్యమంటారు?" అని అడగని ఇల్లు మనవైపు లేదు. "అసలు వద్దండీ" అని చూడండి. "అయ్యో పాపం, ఎప్పట్నుంచీ?" అంటారు! పంచదార లేని టీ అంటే మనకు శిక్ష కింద లెక్క. డాక్టరుగారి ధర్మమా అని ఆ శిక్ష నాకూ పడింది. ఆర్నెల్లు లోకాన్ని తిట్టుకుంటూ చప్పటి టీ తాగాను.

అంతలో చైనా వెళ్లిన మా మేనల్లుడు యునాన్ రాష్ట్రం నుంచి పుఅర్ టీ తెచ్చాడు. "పంచదార అక్కర్లేదు మామయ్యా, దానంతటదే తియ్యగా ఉంటుంది" అన్నాడు. 357 గ్రాముల గుండ్రటి బిళ్ల. "ఏవండీ, ఈ పిడకెందుకు?" అంటూనే మా ఆవిడ ఓ గుప్పెడు ఆకు గిన్నెలో వేసి పది నిమిషాలు మరిగించింది. వేపాకు కషాయం!

తప్పు ఆకుది కాదు, మనది. ఏ ఆకునైనా రక్తమాంసాలు ఊడేదాకా మరిగించడం, ఆ చేదు మీద పంచదార దుప్పటి కప్పడం! ఆ దుప్పటి కింద మేలు టీ, చెత్త టీ ఒక్కటే.

పుఅర్‌లో రెండు రకాలు. 'షెంగ్' పచ్చిది. బిళ్లకట్టి, ఏళ్లతరబడి తనంతట తాను మాగనిస్తారు. 'షౌ' ముగ్గవేసినది. ఆకును కుప్పపోసి, తడిపి, కప్పి కొన్ని వారాలు పులియబెడతారు. ఈ కిటుకు 1973లో కున్‌మింగ్ టీ ఫ్యాక్టరీలో కుదిరింది. తీపి కోరేవాడు ముందు మంచి షౌ పట్టుకోవాలి. మెత్తగా, ఖర్జూరం ఛాయగా ఉంటుంది. షెంగే కావాలంటే సౌమ్యానికి పేరుపడ్డ యీవూ కొండల ఆకు. బులాంగ్ కొండల ఆకు చేదు. అయితే మంచిరకంలో ఆ చేదు మింగాక గొంతులో తీపి తిరిగొస్తుంది. దాన్ని వాళ్లు 'హ్వేగాన్' అంటారు. ఉసిరికాయ నమిలి మంచినీళ్లు తాగినవాడికి అదేమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక వర్తకుల సంగతి. ప్రతి అట్టమీదా "యీవూ", "వందలేళ్ల చెట్టు" అని అచ్చేస్తే అన్ని చెట్లు ఎక్కణ్ణుంచి వస్తాయండీ? ఆ పేర్ల వెర్రిలోనే 2007లో ధరలు ఆకాశానికెక్కి, ఆ ఏడాదే కూలిపోయాయి. అట్టను కాదు, నాలుకను నమ్మండి. బిళ్ల కొనేముందు ముక్క అడిగి రుచి చూడండి. చిన్న కప్పుకు అయిదు గ్రాముల ఆకు. మొదటి వేన్నీళ్లు పారబొయ్యండి. తర్వాత పది పదిహేను సెకన్లు నాననిచ్చి వంచుకోండి. అదే ఆకు మళ్లీ మళ్లీ వస్తుంది. "మధుమేహం మాయం" అనేవాణ్ణి మాత్రం గుమ్మంలోంచే పంపెయ్యండి. ఇది మందు కాదు. పంచదార లేకుండా తియ్యగా ఉండే టీ, అంతే. నాకు అది చాలు.

మా ఆవిడ ఇప్పటికీ దాన్ని పిడకనే అంటుంది. కాకపోతే సాయంత్రం నాలుగయ్యేసరికి "పిడక విరవనా?" అని అడిగి, రెండు కప్పులు తెస్తుంది.